697 లారీ పంపు గురించి అల్లుడికి

చిరంజీవి అల్లుడికి, నెల్లూరు నుంచి మామయ్య ఆశీస్సులు.

ఫోన్‌లో నేను రెండు మాటలు చెప్పేలోపు నువ్వు "అది కాదు మామా" అంటావు. అందుకే కూర్చుని రాస్తున్నాను. చీమకుర్తిలో రాయి ఎత్తుకుని గిద్దలూరు దాటాక నల్లమల ఘాట్‌లో బండి లాగలేదు. వెనక లారీలవాళ్లు హారన్లు కొట్టి నీ పరువు తీశారు. ఇప్పుడు ఇంజిన్‌కు డీజిల్ కొట్టే పాత పంపు పీకేసి, అన్ని ఇంజెక్టర్లకూ ఒకే గొట్టం నుంచి డీజిల్ ఇచ్చే కామన్ రైల్ వేయించాలని నీ పట్టుదల. అంతే కదా?

కామన్ రైల్ మంచిదే, కాదనను. కానీ నీది గాలిని ఒత్తి ఎక్కించే టర్బో లేని టాటా 697 ఇంజిన్. సిలిండర్లోకి డీజిల్ చల్లే దాని నాజిల్ ఇంచుమించు 200 బార్ ఒత్తిడి దగ్గర తెరుచుకుంటుంది. కామన్ రైల్లో గొట్టంలోనే 1,600 బార్, కొన్నిట్లో అంతకు మించి ఉంటుంది. దాన్ని వేయాలంటే హై ప్రెషర్ పంపు, రైలు, కొత్త ఇంజెక్టర్లు, క్రాంకుకీ క్యామ్‌కీ సెన్సార్లు, ఈసీయూ అనే కంప్యూటర్, వైరింగ్ అన్నీ కావాలి. పైగా పిస్టన్ తల మీద గుంట ఉంది చూశావా, అది పాత నాజిల్ చల్లే తీరుకు తగ్గట్టు చేసింది. అంత ఖర్చు పెట్టేబదులు ఇంజిన్నే మార్చుకోవడం నయం. అలా మారిస్తే ఆర్టీఓ ఆఫీసులో ఆర్‌సీలో ఎక్కించుకోవాలి, మర్చిపోవద్దు.

పంపు మీద చెయ్యి వేసేముందు గాలి సంగతి చూడు. క్వారీ దుమ్ములో తిరిగే బండి నీది. ఎయిర్ క్లీనర్ అడుగున ఆయిల్ ఎప్పుడు మార్చావు? అది బురదగా మారితే ఇంజిన్‌కు ఊపిరి ఆడదు. ఆ డీజిల్‌కు సరిపడా గాలి దొరక్క నల్లపొగ వస్తుంది. వాల్వు క్లియరెన్స్, కంప్రెషన్ కూడా చూపించు. ఇంజిన్ వేడెక్కాక ఆపితే మళ్లీ స్టార్ట్ కావడానికి మొరాయిస్తోందా? అలాగైతే పంపులో డీజిల్‌ను తోసే ప్లంజర్లు అరిగి ఉండొచ్చు. వేడికి డీజిల్ పలచబడి సందుల్లోంచి జారిపోతుంది. ప్లంజర్‌కీ అది ఆడే గొట్టం బ్యారెల్‌కీ మధ్య ఉండే సందు రెండు నుంచి నాలుగు మైక్రాన్లే. మన తల వెంట్రుక డెబ్బై మైక్రాన్ల దాకా ఉంటుంది. ఇక లెక్క వేసుకో.

పంపు విప్పేముందు దాని పక్కనున్న ప్లేటు చదువు. పీఈఎస్ 6ఏ 90 అని ఉంటే ఆరు సిలిండర్లు, ఏ సైజు, 9 మిల్లీమీటర్ల ప్లంజర్ అని అర్థం. ఎలిమెంటు, అంటే ప్లంజరూ బ్యారెలూ, ఎప్పుడూ జతగానే మార్చాలి. ఒకదాని ప్లంజర్ ఇంకోదాని బ్యారెల్లో దూర్చేవాళ్లు ఉన్నారు, అక్కడి నుంచి లేచి వచ్చెయ్. పంపు డీజిల్ కొలత సరిచేసే క్యాలిబ్రేషన్ చేసేటప్పుడు బెంచ్ పక్కనే నిలబడు. ఆరు గాజు గొట్టాల్లో ఆయిల్ సమానంగా పడాలి, పంపు తిరిగే కొద్దీ ఆరు లైన్లూ అరవై డిగ్రీల తేడాతో రావాలి. ఆ లెక్కల కాగితం అడిగి తీసుకో. నాజిళ్లు టెస్టర్ మీద పెట్టినప్పుడు మంచులా చల్లాలి, మొన నుంచి చుక్క కారకూడదు. ఆ చల్లేదాని ముందు చెయ్యి మాత్రం పెట్టొద్దు. డీజిల్ చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది, వేలే పోవచ్చు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. నేను పని నేర్చుకున్న కొత్తలో ఒక డ్రైవర్ వచ్చి "ఇంకొంచెం పికప్ కావాలి మేస్త్రీ" అన్నాడు. సీలు తెంపి మ్యాక్సిమం ఫ్యూయల్ స్క్రూ ఒకటిన్నర చుట్టు తిప్పాను. బండి నిజంగానే లాగింది. అతను సంతోషంగా టీ తాగించి వెళ్లాడు. పన్నెండు రోజులకు టోచన్ కట్టించుకుని వచ్చాడు. నాలుగో పిస్టన్ తల కరిగి బొక్క పడింది. ఓనర్ నన్ను తిట్టలేదు, ఆ పిస్టన్ తెచ్చి నా బెంచ్ మీద పెట్టి వెళ్లాడు. చాలా ఏళ్లు అది అక్కడే ఉంచుకున్నాను. టర్బో లేని ఇంజిన్ పీల్చే గాలి ఇంతే అని ఒక లెక్క ఉంటుంది. డీజిల్ ఎంత ఎక్కువ పోసినా మిగిలింది పొగా వేడీ. పెద్ద నాజిళ్లు వేయిస్తానని అంటున్నావే, అదీ ఇలాంటి పనే. పైగా పొల్యూషన్ టెస్టులో పాత బండ్లకు పొగ నలుపు కొలత 65 హెచ్‌ఎస్‌యూ దాటకూడదు.

బిగించేటప్పుడు ఇంజెక్టర్ కింద రాగి వాషర్ కొత్తది వెయ్యి. పాతది గుంటలో అంటుకుని ఉండిపోతే దానిమీద ఇంకోటి పడుతుంది, నాజిల్ పైకి లేచి మంట తప్పుతుంది. టార్చిలైటు వేసి చూడు. టైమింగ్, అంటే డీజిల్ చల్లే క్షణం, చెవితో పెట్టనివ్వొద్దు. ఒకటో సిలిండర్ కంప్రెషన్‌లో పెట్టి, పంపు నుంచి డీజిల్ బయటికి వదిలే డెలివరీ వాల్వు తీసి, వంకర గొట్టం పెట్టి, ఇంజిన్ మెల్లగా తిప్పుతూ ధార చుక్కలై ఆగేచోటు చూసుకోవాలి. ఫ్లైవీల్ గుర్తు మాన్యువల్లో చెప్పిన డిగ్రీ దగ్గర ఉండాలి. అదృష్టం ఉంటే నీ ఘాట్ కష్టం సగం అక్కడే తీరిపోతుంది.

అప్‌గ్రేడ్ చేయాలని అంత మోజుగా ఉంటే అడుగున గాజు గిన్నె ఉన్న వాటర్ సెపరేటర్ ఒకటి ట్యాంకుకీ, దాన్నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపుకీ మధ్య వేయించు. క్వారీలో డ్రమ్ముల డీజిల్ పోస్తారు కదా, నీళ్లూ రాతి పొడీ ఎంత ఉంటాయో పొద్దున్నే ఆ గిన్నెలో కనబడుతుంది. కిరోసిన్ కలిపింది చవకగా ఇస్తామన్నా ముట్టుకోవద్దు, ప్లంజర్లకు జిడ్డు ఇచ్చేది డీజిలే.

వచ్చే వారం పంపు విప్పుకుని బస్సులో వేసుకుని రా. ఆటోనగర్లో నాకు తెలిసిన బెంచ్ దగ్గర నేనే నిలబడతాను. విప్పాక గొట్టాల మూతుల్లో బనీను వేస్టు కుక్కొద్దు, నూలు లోపలికి పోతుంది. శుభ్రమైన ప్లాస్టిక్ కవరు కట్టి రబ్బరు బ్యాండు వెయ్యి. పాత రాగి వాషర్లు ఆరూ ఏ సిలిండర్‌వి ఆ సిలిండర్ అని రాసి తీసుకురా, పారేయొద్దు.

మీ మామయ్య