గిటార్ కేబుల్ కొనబోయే ముందు

అమ్మలూ,

నువ్వు ఎలక్ట్రిక్ గిటార్ కొన్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. చాలా సంతోషమేసింది. గిటార్‌తో పాటు ఊరికే వచ్చిన కేబుల్ సరిపోతుందా, వేరేది కొనాలా అని అడిగావట. వేరేది కొను. దేన్ని చూసి కొనాలో ఇంత పొడుగున ఎందుకు రాస్తున్నానంటే, షాపులో గోడకి వేలాడే కేబుళ్లన్నీ పైకి ఒక్కలాగే ఉంటాయి. తేడా అంతా లోపలే.

పికప్ అంటే గిటార్ మీద స్ట్రింగ్స్ కింద ఉండే భాగం, అయస్కాంతాల చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్నటి రాగి తీగ. నువ్వు స్ట్రింగ్ మీటితే అందులో పుట్టే సిగ్నల్ చాలా బలహీనంగా ఉంటుంది. దాన్ని పెంచి స్పీకర్‌లో వినిపించే ఆంప్‌కి (ఆంప్లిఫయర్‌కి) చేరేదాకా కాపాడాల్సింది కేబులే. కేబుల్ మధ్యలో సిగ్నల్ మోసే రాగి తీగల కట్ట, దాని మీద ఇన్సులేషన్, ఆపైన రాగి షీల్డ్, అన్నిటికీ పైన రబ్బరు తొడుగు. షీల్డ్ పల్చగా ఉందంటే ఫ్యాన్ రెగ్యులేటరూ ట్యూబ్‌లైటూ ఫోన్ ఛార్జరూ పుట్టించే రొదంతా నీ పాటలో కలుస్తుంది.

షీల్డ్‌ని జడలా అల్లితే గట్టిగా ఉంటుంది, చాలాకాలం నిలుస్తుంది. ఒకవైపుకే చుట్టినది మెత్తగా వంగుతుంది కానీ, తొక్కుళ్లకీ మెలికలకీ మెల్లగా విచ్చుకుపోతుంది. రేకు షీల్డ్ ఒకచోట కదలకుండా పడి ఉండే వైరింగ్‌కి మంచిది, రోజూ చుట్టి విప్పే కేబుల్‌కి పనికిరాదు. నీకు నా ఓటు అల్లిక షీల్డ్‌కే.

ఇప్పుడు పొడవు సంగతి. అందరూ తేలిగ్గా తీసుకునేది ఇదే, నీ సౌండ్‌ని మార్చేదీ ఇదే. ప్రతి కేబుల్‌కీ కెపాసిటెన్స్ అని ఒకటి ఉంటుంది, అంటే మధ్య తీగకీ షీల్డ్‌కీ మధ్య కాస్త విద్యుత్తుని నిలవ చేసుకునే గుణం. గిటార్ కేబుళ్లలో మామూలుగా మీటరుకి 80 నుంచి 160 పికోఫారడ్ల దాకా కనిపిస్తుంది. మీటరుకి 100 ఉన్న కేబుల్ 3 మీటర్లు వాడితే 300, అదే 10 మీటర్లయితే 1000. అది పెరిగేకొద్దీ పికప్ నుంచి వచ్చే ట్రెబుల్, అంటే సన్నటి పైస్థాయి శబ్దం, తగ్గుతుంది. స్ట్రింగ్ మీటగానే వినిపించాల్సిన ఆ మెరుపు పోయి, సౌండ్ మీద దుప్పటి కప్పినట్టవుతుంది. చాలామంది దానికి ఆంప్‌నో పికప్‌నో తిట్టుకుంటారు. నువ్వు గదిలో కూర్చుని వాయించేదానివి. నీకు 3 మీటర్లు చాలు. స్టేజీ ఎక్కే రోజొస్తే 6 మీటర్లది ఇంకొకటి కొనుక్కుందువు గాని. 'ఎందుకైనా మంచిది, పెద్దది తీసుకోండి' అని షాపతను అన్నా తల ఊపకు. ఒక్కమాట, యాక్టివ్ (బ్యాటరీతో నడిచే) పికప్‌లు ఉన్న గిటార్‌కీ, బఫర్ (సిగ్నల్‌కి బలమిచ్చే సర్క్యూట్) ఉన్న పెడల్‌ని, అంటే కాలితో నొక్కే ఎఫెక్ట్ పెట్టెని, ముందే పెట్టుకున్నవాళ్లకీ ఆ తర్వాతి కేబుల్ పొడవుతో ఇంత ఇబ్బంది ఉండదు. నీ గిటార్‌లో బ్యాటరీ పెట్టే చోటు లేదంటే అది పాసివ్ అనుకో, నేను చెప్పినదంతా నీకు వర్తిస్తుంది.

ఇక జాక్ పిన్, అంటే గిటార్‌లోకీ ఆంప్‌లోకీ గుచ్చే కేబుల్ చివర. కేబుల్ చచ్చేది మధ్యలో కాదు, తొంభై పాళ్లు పిన్ దగ్గరే. ఈ పావు అంగుళం పిన్ పందొమ్మిదో శతాబ్దంలో టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం పుట్టింది, ఇప్పటికీ అదే నడుస్తోంది. కొనేటప్పుడు పిన్ మీది లోహపు గొట్టం మర తిప్పితే ఊడి రావాలి. ప్లాస్టిక్‌తో కలిపి పోతపోసిన పిన్ అయితే లోపల తీగ తెగిన రోజు కేబుల్ మొత్తం పారేయాల్సిందే. గొట్టం విప్పాక లోపలికి తేరిపార చూడు. మధ్య తీగ చిన్న కొసకీ, షీల్డ్ పెద్ద రేకుకీ అతికి ఉంటాయి. టంకం నున్నగా, తీగని పట్టుకుని పారినట్టు ఉండాలి. ముద్దలా కూర్చుని ఉంటే అది సరిగా పట్టలేదని అర్థం. ఆ పక్కనే కేబుల్ తొడుగుని గట్టిగా బిగించి పట్టుకునే ఏర్పాటు ఉండాలి. అది లేకపోతే నువ్వు కేబుల్ తొక్కిన ప్రతిసారీ ఆ లాగుడంతా టంకం మీదే పడుతుంది. న్యూట్రిక్, స్విచ్‌క్రాఫ్ట్ పిన్నులకి పేరుంది, నేనూ అవే వాడతాను.

మన విశాఖలో ఇంకో గొడవ ఉంది. మీ ఇల్లు పెదవాల్తేరులో, బీచ్ రోడ్డుకి కూతవేటు దూరంలో. అక్కడ కిటికీ ఊచలు ఎంత తొందరగా తుప్పు పడతాయో చూస్తూనే ఉన్నావు. ఆ ఉప్పుగాలే పిన్‌కీ తగులుతుంది. నికెల్ పూత అరిగిన చోట లోపలి ఇత్తడికి చిలుము పట్టి, వాల్యూమ్ పెంచగానే కరకరమంటుంది. వాయించడం అయ్యాక పిన్ పొడిబట్టతో తుడువు, చేతి చెమట అలా వదిలేయకు. అప్పుడప్పుడు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన బట్టతో తుడిస్తే ఇంకా మంచిది. బంగారు పూత చిలుము పట్టదు, అంతవరకూ నిజమే. సౌండ్‌ని మార్చదు, పైగా మెత్తన కాబట్టి పెట్టి తీయగా తొందరగా అరుగుతుంది. దానికని ఎక్కువ డబ్బు పెట్టకు.

షాపులో ఆంప్ ఉంటే కేబుల్ పెట్టించి, వాల్యూమ్ పెంచి, పిన్ పక్కనే కేబుల్‌ని వేళ్లతో అటూ ఇటూ వంచు. చిటపటలు రాకూడదు. తర్వాత కేబుల్‌ని నేలకేసి మెల్లగా తట్టు. కొన్నిట్లో ఆ తట్టుడు కూడా ఆంప్‌లోంచి టకటకమని వినిపిస్తుంది. స్టేజీ మీద నడుస్తూ వాయించేవాళ్లకి అదో నరకం. ఆంప్ లేదంటే మల్టీమీటర్ అడుగు. కేబుల్ రెండు చివర్ల పిన్నులకీ పెట్టి చూస్తే కొసకి కొస, ఒంటికి ఒళ్లు బీప్ రావాలి, కొసకీ ఒంటికీ మధ్య రాకూడదు.

స్పీకర్ కేబుల్ పైకి అచ్చం ఇలాగే ఉంటుంది, పిన్ కూడా అదే. దానికి షీల్డ్ ఉండదు, గిటార్‌కి పెడితే హమ్ (గుయ్యిమనే రొద) బాగా కలుస్తుంది. అలాగే, విడిగా ఉండే ఆంప్ హెడ్‌కీ స్పీకర్ క్యాబినెట్‌కీ మధ్య గిటార్ కేబుల్ పెడితే సన్నటి తీగ వేడెక్కుతుంది, ఆంప్ కూడా పాడవచ్చు. తొడుగు మీద అచ్చు చదవకుండా డబ్బు ఇవ్వకు.

మంచి కేబుల్ పెట్టాక కూడా కొంచెం హమ్ వస్తే కంగారు పడకు. సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న) పికప్‌లు స్వతహాగా మన 50 హెర్ట్జ్ కరెంటు హమ్‌ని పట్టుకుంటాయి. గిటార్ పట్టుకుని కాస్త పక్కకి తిరిగితే తగ్గుతుంది. స్ట్రింగ్స్ ముట్టుకోగానే తగ్గినా మామూలే. కానీ ముట్టుకున్నప్పుడు చేతికి జిల్లుమంటే మాత్రం అది కేబుల్ సంగతి కాదు, ఇంట్లో ఎర్తింగ్ సంగతి. వెంటనే స్విచ్ కట్టేసి నాన్నతో చెప్పి ఎలక్ట్రీషియన్‌ని పిలిపించు. ఆంప్ త్రీపిన్ ప్లగ్‌ని టూపిన్ అడాప్టర్‌లో ఎప్పుడూ గుచ్చకు. వినాయక చవితి పందిళ్లలో ఇలా చేసేవాళ్లని చూసి నాకు గుండె ఆగినంత పనయ్యేది.

చుట్టేటప్పుడు మోచేతికి వేసి బిగించి చుట్టకు, లోపల మెలికలు పడతాయి. వదులుగా, ఒక చుట్టు పైనుంచి, ఒక చుట్టు కిందనుంచి. ఎలాగో చూపిస్తాను. కొన్నాక వచ్చే ఆదివారం తీసుకుని రా, పాతది కూడా తే. దాని పిన్ మర విప్పేదైతే టంకం పెట్టడం నీ చేతే చేయిస్తాను.

మీ పెదనాన్న