10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో మొదటి పోటీకి ఎలా సిద్ధపడాలి?

ఉద్యోగం చేసుకుంటూ ముప్పై దాటిన వయసులో ఎయిర్ పిస్టల్ నేర్చుకుంటున్నానని, సాధనలో 600కు 535 దగ్గర పాయింట్లు వస్తున్నాయని, కోచ్ గారు రాష్ట్ర స్థాయి పోటీకి పేరు ఇమ్మంటున్నారని, కానీ అందరి ముందు చేయి వణికితే ఏం చేయాలో తోచడం లేదని మీరు రాశారు. నేను కూడా ఇంచుమించు అదే వయసులో, హైదరాబాదులోనే, అదే స్థాయి పాయింట్లతో మొదటి పోటీకి వెళ్ళాను కనుక తెలిసినంత చెబుతాను. ముందుగా, పేరు ఇచ్చేయండి. చేయి తప్పకుండా వణుకుతుంది. ఆ వణుకును పూర్తిగా ఆపగలిగేవారు ఎవరూ లేరు. వణుకు మితిమీరినప్పుడు పేల్చకుండా చేయి దించగలగడమే మొదటి పోటీలో నిజంగా పరీక్షకు వచ్చే విద్య, దానిని ఇప్పటినుంచే సాధన చేయవచ్చు.

535 గురించి మీరు పడుతున్న సంకోచానికి ఆధారం లేదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో కాంస్య పతకం గెలిచిన మనూ భాకర్ క్వాలిఫికేషన్‌లో, అంటే ఫైనల్‌కు ముందు జరిగే 60 షాట్ల అర్హత దశలో, సాధించినవి 580 పాయింట్లు. అంటే ప్రపంచ స్థాయిలో పతకం తెచ్చుకున్న చేయి కూడా 60 షాట్లలో 20 పాయింట్లు వదులుకుంది. మీ లెక్క షాట్‌కు సగటున 8.9 పడుతుంది, మొదటి పోటీకి అది గౌరవప్రదమైన లెక్కే. వయసు విషయానికి వస్తే, మీ పక్క లేన్‌లో ఎనిమిదో తరగతి అమ్మాయి నిలబడి మీకంటే ఎక్కువ కొట్టే అవకాశం బాగా ఉంది. మన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 2018 జాతీయ పోటీల్లో సీనియర్ విభాగం గెలిచినప్పుడు ఆమె వయసు 13. ఆ సంగతి ముందే మనసుకు చెప్పి ఉంచితే, పోటీ రోజున పక్క లేన్ వైపు చూపు పోదు.

ఇక చేయి వణకడం గురించి. టార్గెట్ మీద పది వలయం వ్యాసం 11.5 మి.మీ. మాత్రమే, ఒక్కో వలయానికీ మధ్య దూరం 8 మి.మీ. ఇది చూసి గుండె జారనవసరం లేదు, ఎందుకంటే పెల్లెట్ వ్యాసం 4.5 మి.మీ., అది గీతను తాకినా పై విలువే లెక్కకు వస్తుంది కనుక పెల్లెట్ కేంద్రం మధ్యబిందువు నుంచి 8 మి.మీ. లోపల పడితే పది వచ్చినట్టే, 16 మి.మీ. లోపల పడితే తొమ్మిది. మీ చేయి మొత్తంగా ఒక మిల్లీమీటరు పక్కకు జరిగితే, పిస్టల్ దిశ మారనంత వరకు, టార్గెట్ మీద కూడా అంతే జరుగుతుంది. కానీ గొట్టం చివర గురి చూసే ముక్క అయిన ఫ్రంట్ సైట్, వెనుక సైట్ గాడిలో ఒక మిల్లీమీటరు పక్కకు తప్పితే, రెండు సైట్ల మధ్య దూరం సుమారు 32 సెం.మీ. ఉన్న పిస్టల్‌లో, 10 మీటర్ల అవతల అది 31 మి.మీ. అవుతుంది, అంటే దాదాపు నాలుగు వలయాలు. అందువల్ల నలుపు (టార్గెట్ మధ్యనున్న నల్లని వృత్తం) కింద తెల్లని భాగంలో చేయి అటూ ఇటూ తేలుతున్నా నష్టం స్వల్పం. చూపు ఫ్రంట్ సైట్ మీద నుంచి టార్గెట్ మీదకు పారిపోయి, గాడిలో రెండు వైపులా వెలుతురు సమానంగా ఉందో లేదో గమనించకుండా ట్రిగ్గర్‌ను లాగేస్తే మాత్రం ఆరూ, ఏడూ వస్తాయి. పోటీలో భయం కలిగినప్పుడు కన్ను చేసే మొదటి పని టార్గెట్ వైపు పరుగెత్తడమే. నాకు మొదటి సిరీస్‌లో, అంటే మొదటి పది షాట్లలో, ఫ్రంట్ సైట్ గుండె కొట్టుకున్నప్పుడల్లా కొద్దిగా ఎగరడం స్పష్టంగా కనిపించింది. అది కనిపించడం మంచి సూచన అని, చూపు ఉండవలసిన చోటే ఉందని అర్థమని మా కోచ్ గారు తరువాత చెప్పారు.

చేయి దించడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. 60 షాట్లకు ఎలక్ట్రానిక్ టార్గెట్ల మీద ఇచ్చే సమయం 75 నిమిషాలు, అంటే షాట్‌కు 75 సెకన్లు. పెల్లెట్ పెట్టి, ఊపిరి సర్దుకుని, ఎత్తి, పేల్చి, దించి, ఒక క్షణం ఆగడానికి మామూలు సాధనలో మనకు పట్టేది అందులో సగానికి కాస్త ఎక్కువ మాత్రమే. మిగిలిన సమయమంతా రద్దు చేసుకునే షాట్ల కోసం మన చేతిలో ఉన్న పెట్టుబడి. పిస్టల్ నలుపు కిందకు దిగి స్థిరపడిన తరువాత ఎనిమిది, పది సెకన్లు గడిచినా షాట్ పడలేదంటే ఇక అది పడకూడని షాట్. ఊపిరి బిగబట్టిన కొద్దీ చూపు మసకబారుతుంది, భుజం బరువెక్కుతుంది, కన్ను క్షణం ముందు చూసిన చక్కని బొమ్మనే ఇంకా చూస్తున్నట్టు భ్రమపడుతుంది. అటువంటి స్థితిలో మనసులో 'ఇప్పుడే' అనే మాట పుడుతుంది, ఆ మాటకు లోబడి లాగిన ట్రిగ్గర్ ఎప్పుడూ కుదుపుతోనే కదులుతుంది. సాధనలో ఎవరూ చూడనప్పుడు చేయి దించడం సులభం. పోటీలో వెనుక కుర్చీల్లో ఉన్నవారందరూ పెళ్ళిచూపులకు వచ్చినవారిలా మననే చూస్తున్నారనిపించి, ఎత్తిన చేయి దించడం ఓటమిలా తోస్తుంది. నిజానికి వారు తమ పిల్లల మానిటర్లనే చూస్తుంటారు. నా మొదటి పోటీలో తొలి నిమిషాలలో పేల్చినవాటికంటే దించినవే ఎక్కువ. నేను మూడో సిరీస్‌లో ఉండగానే నాకు రెండు వైపులా ఉన్న కుర్రవాళ్ళు ముగించి పెట్టెలు సర్దుకుని వెళ్ళిపోయారు, ఖాళీ లేన్ల మధ్య మిగిలిపోవడం మొదట ఇబ్బందిగా అనిపించినా, చివరి సిరీస్‌లే నాకు అన్నిటికంటే బాగా వచ్చాయి. త్వరగా ముగించినందుకు అదనపు పాయింట్లు ఎవరూ ఇవ్వరు.

అందుకని రాబోయే వారాల్లో సాధన కొంత మార్చండి. గడియారం పెట్టుకుని, మొదటి 15 నిమిషాలు సన్నాహానికీ సైటింగ్ షాట్లకూ (గురి సరిచూసుకోవడానికి వేసే, లెక్కకు రాని షాట్లు), తరువాత 75 నిమిషాలు మ్యాచ్‌కూ కేటాయించి, పూర్తి 60 షాట్లు వేయండి. ప్రతి పది షాట్లలో కనీసం రెండింటిని, అవి బాగానే ఉన్నా సరే, కావాలని రద్దు చేసి దించండి. వీలైతే ఒక మిత్రుణ్ణి వెనుక కూర్చోబెట్టి 'స్టార్ట్', 'స్టాప్' ఆదేశాలు గట్టిగా పలకమనండి, రేంజ్ ఆఫీసర్ గొంతు మొదటిసారి మైకులో వినిపించినప్పుడు ఉలిక్కిపడకుండా ఉంటారు. ఇంట్లో తెల్లగోడ ఎదురుగా పెల్లెట్ లేకుండా చేసే డ్రై ప్రాక్టీస్ రోజూ కొద్దిసేపైనా చేయండి. టార్గెట్ లేని గోడ మీద చూపు పారిపోవడానికి చోటు ఉండదు కనుక ట్రిగ్గర్ కదిలేటప్పుడు ఫ్రంట్ సైట్ కదులుతోందో లేదో ఇట్టే తెలిసిపోతుంది. పోటీకి ముందు వారంలో గ్రిప్ చెక్కించడం, కొత్త రకం పెల్లెట్లు మార్చడం, ఎవరో చెప్పిన కొత్త భంగిమ ప్రయత్నించడం మాత్రం వద్దు.

పోటీ రోజున మొదట ఎదురయ్యేది పరికరాల తనిఖీ. పిస్టల్ బరువు 1500 గ్రాములు మించకూడదు, 420, 200, 50 మి.మీ. కొలతల పెట్టెలో పట్టాలి, గ్రిప్ మణికట్టుకు ఆసరా ఇవ్వకూడదు, బూట్లు చీలమండను కప్పకూడదు. అందరినీ ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ట్రిగ్గర్ బరువు. గొట్టం నిటారుగా ఉంచి ట్రిగ్గర్‌కు 500 గ్రాముల తూకం తగిలించి పైకెత్తినప్పుడు ట్రిగ్గర్ వీడిపోకూడదు. సరిగ్గా 500 దగ్గర ఉంచితే ఆ పూట వీడిపోయే ప్రమాదం ఉంది కనుక, కొన్ని వారాల ముందే 510, 520 మధ్యకు మార్చుకుని దానికే అలవాటు పడండి. గాలి సిలిండర్ మీద ఉండే గడువు తేదీ కూడా చూసుకోండి, క్లబ్బు పిస్టల్ వాడేవారు దీనిని దాదాపు ఎప్పుడూ చూడరు. ప్రయాణం గురించి ఒక మాట. 20 జౌల్స్‌కు మించని శక్తి గల 4.5 మి.మీ. ఎయిర్ పిస్టల్‌కు మన దేశంలో ఆయుధ లైసెన్సు అక్కరలేదు, అయినా కొనుగోలు రసీదు, క్లబ్బు ఇచ్చిన పత్రం పెట్టెలో ఉంచుకోండి. మెట్రో స్టేషన్‌లో సంచుల తనిఖీ దగ్గర పిస్టల్ పెట్టె తెరిచి వాదించుకోవడం కంటే గచ్చిబౌలి దాకా ఆటో కిరాయి చెల్లించడం చాలా చౌక.

లేన్‌లోకి పిలిచిన తరువాత సన్నాహ సమయాన్ని పూర్తిగా వాడుకోండి. కొత్త రేంజ్‌లో వెలుతురు వేరుగా ఉంటుంది, అందువల్ల మీ పెల్లెట్లు అలవాటైన చోటికి కొంచెం పైనో కిందో పడవచ్చు. ఒక్క షాట్ చూసి సైట్ తిప్పకండి, ఐదు షాట్లు ఒకచోట గుంపుగా పడి ఆ గుంపు మధ్యకు దూరంగా ఉంటేనే తిప్పండి. ఏ మర ఎటు తిప్పితే పెల్లెట్ ఎటు జరుగుతుందో, ఎన్ని క్లిక్కులకు ఒక వలయమో ముందే కాగితం మీద రాసి పెట్టెలో అతికించుకోండి. ప్రతి సిరీస్ మొదట్లో టార్గెట్ మీది అంకె, మీ లేన్ అంకె ఒకటేనా అని ఒకసారి చూసుకోండి. కంగారులో పక్కవారి టార్గెట్ మీద పేల్చడం కొత్తవారిలో అరుదేమీ కాదు, మ్యాచ్ మొదలయ్యాక ఆ షాట్ మీకు సున్నాగా నమోదవుతుంది.

మానిటర్ మీద మొత్తం కనిపిస్తూనే ఉంటుంది. వీలైతే ప్రతి షాట్ తరువాత అది ఎక్కడ పడిందో మాత్రమే చూసి, కూడిక వైపు చూడకండి. ఎనిమిది పడితే తరువాతి షాట్‌తో దానిని పూడ్చాలనిపిస్తుంది, కానీ పది కంటే ఎక్కువ విలువ గల షాట్ లేదు కనుక పూడ్చడం అనేదే సాధ్యం కాదు. వరుసగా రెండు చెడ్డ షాట్లు పడితే పిస్టల్‌ను ఖాళీ చేసి, పిస్టల్ ఖాళీ అని చూపే సేఫ్టీ ఫ్లాగ్ పెట్టి, బల్ల మీద ఉంచి, కుర్చీలో కూర్చుని నీళ్ళు తాగండి. రేంజ్ ఆఫీసర్ అనుమతి తీసుకుని లేన్ వెనుకకు వచ్చి కోచ్‌తో మాట్లాడవచ్చు కూడా, కానీ గడియారం ఆగదు. చెమట పట్టే అరచేయి అయితే చిన్న తువ్వాలు తప్పనిసరి. పొద్దున కడుపునిండా పులిహోర తిని వెళ్ళినవారు రెండో గంటలో ఎలా ఆవలిస్తారో నేను చూశాను. రెండు ఇడ్లీలు, ఒక అరటిపండు చాలు, రోజూ తాగేవారైతే కాఫీ మానకండి, తాగనివారు ఆ రోజు మొదలుపెట్టకండి.

పిస్టల్ మొరాయిస్తే దానిని టార్గెట్ వైపే ఉంచి, ఖాళీ చేతిని పైకెత్తి రేంజ్ ఆఫీసర్‌ను పిలవండి, మీరే విప్పి చూడకండి, గొట్టం మీ వైపు తిప్పుకోవడం మిమ్మల్ని పోటీ నుంచి బయటకు పంపగల పని. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్ క్వాలిఫికేషన్ మధ్యలో మనూ భాకర్ పిస్టల్ పాడైంది. మరమ్మతుకు విలువైన నిమిషాలు పోయినా తిరిగి వచ్చి 575 పాయింట్లతో ముగించారు, ఫైనల్ కొద్దిలో తప్పింది. అంతటివారికే జరిగినది మనకు జరిగితే వింతేమీ లేదు కనుక, క్లబ్బులో అదనపు పిస్టల్ ఉంటే దానిని కూడా తనిఖీ చేయించి ఉంచమని కోచ్ గారిని ముందుగా అడగండి.

దరఖాస్తులో ఎన్.ఆర్. (జాతీయ నియమాలు), ఐ.ఎస్.ఎస్.ఎఫ్. (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నియమాలు) అని రెండు విభాగాలు కనిపిస్తాయి. ఏది ఎంచుకోవాలో, పై పోటీకి అర్హత ఎన్ని పాయింట్లో ఆ ఏటి ప్రకటన చూసి కోచ్ గారితో కలిసి నిర్ణయించుకోండి, పాత అంకెలను నమ్మకండి. మ్యాచ్ ముగిసిన సాయంత్రమే పుస్తకంలో సిరీస్ వారీగా పాయింట్లు, వాటి పక్కనే ఆ సిరీస్‌లో ఎన్నిసార్లు చేయి దించారో గుర్తున్నంత వరకు రాసుకోండి. రెండో పోటీకి ముందు మీ కోచ్ గారు మొదట అడిగేది ఆ రెండో వరుస అంకెలనే.