తప్పటడుగులు వేసే పాపకు ఎలాంటి బూట్లు కొనాలి?

"మా పాపకు పదకొండో నెల. గోడ పట్టుకుని నడుస్తోంది. బూట్లు వేస్తే త్వరగా నడక వస్తుందా? ఎలాంటివి కొనాలి?" అని అడిగారు.

బూట్ల వల్ల నడక రాదండీ. ఇంట్లో ఉన్నంతసేపూ ఉత్తి కాళ్లే మేలు. ఈ వయసులో పాదంలో చాలా భాగం ఇంకా గట్టి ఎముకగా మారని మెత్తటి మృదులాస్థే (కార్టిలేజ్). వేళ్లతో నేలను పట్టుకుంటూ, అరికాలికి తగిలే స్పర్శను బట్టి పాప నిలదొక్కుకోవడం నేర్చుకుంటుంది. గట్టి సోల్ వేస్తే ఆ పట్టు పోతుంది. టైల్స్, గ్రానైట్ మీద ఉత్త సాక్సులు మాత్రం వద్దు, సర్రున జారుతుంది.

ఎండకు కాలే డాబా, పల్లేరుకాయలున్న దారి, పార్కు... బూట్లు అక్కడికే. షాపులో ముందు బూటును చేత్తో వంచి చూడండి. వేళ్ల దగ్గర సులువుగా మడత పడాలి. అడుగున జారని పలచటి రబ్బరు, ముందు భాగం వెడల్పు ఉండాలి. పాపను నిలబెట్టి రెండు పాదాలూ కొలవండి. బొటనవేలి ముందు ఒక సెంటీమీటరు ఖాళీ చాలు. "ఎలాగూ పెరుగుతుందిగా" అని రెండు సైజులు పెద్దవి కొంటే తట్టుకుని పడుతుంది. రెండు నెలలకోసారి మళ్లీ కొలుచుకోవాల్సిందే, కాబట్టి మరీ ఖరీదైనవి దండగ. కీచుకీచుమనేవి అమ్మమ్మలకు ముచ్చటే కానీ, సోల్ మందంగా ఉంటే పక్కన పెట్టేయండి.

అరికాలు చదునుగా ఉందని టెన్షన్ పడకండి. అక్కడ కొవ్వు ఉంటుంది, పెరిగేకొద్దీ వంపు తేలుతుంది. 18 నెలలు నిండినా సొంతంగా నడవకపోతే పిల్లల డాక్టరుకు చూపించండి.