ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ చికిత్స) మందులు: మీ సందేహాలు

ప్రశ్న: మా తమ్ముడు రాత్రిపూట ఒక్క హెచ్‌ఐవీ మాత్ర వేసుకుంటాడు. ఇప్పుడు టీబీ బయటపడింది. ఏఆర్‌టీ సెంటర్‌లో ఇంకో మాత్ర ఇచ్చి పొద్దున వేసుకోమన్నారు. జబ్బు ముదిరిందా?
– ఒక సోదరి, ఆదోని

జవాబు: ముదిరి కాదమ్మా. రాత్రి మాత్రలో టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు ఉంటాయి. టీబీ మందుల్లోని రిఫాంపిసిన్ (మూత్రం ఎర్రగా వచ్చేది దానివల్లే, భయం లేదు) కాలేయం పని వేగం పెంచి డోలుటెగ్రావిర్‌ను త్వరగా కరిగించేస్తుంది. తగ్గిన ఆ ఒక్క మందునే పొద్దున విడిగా 50 ఇచ్చి పూడుస్తారు. రాత్రి 9కి ఒకటైతే పొద్దున 9కి రెండోది. పొద్దుటి డబ్బా అయిపోయిందని రాత్రి మాత్రే రెండు పూటలా వేయకండి, టెనోఫోవిర్ రెట్టింపై కిడ్నీల మీద పడుతుంది. టీబీ కోర్సు అయిపోయిన రోజే పొద్దుటి మాత్ర ఆపకూడదు. కాలేయం మామూలు వేగానికి రావడానికి ఇంకో రెండు వారాలు పడుతుంది, అప్పటిదాకా వేసుకోవాలి. మూర్ఛకు వాడే కార్బమజపీన్, ఫెనిటాయిన్‌తోనూ ఇదే తంటా. వాడుతుంటే ముందే చెప్పండి.

ప్రశ్న: షుగర్‌కు మెట్‌ఫార్మిన్ 1000 రెండు పూటలా వాడేవాణ్ణి. ఏఆర్‌టీ మొదలయ్యాక 500 చేశారు. నెలకే క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూసే రక్తపరీక్ష) 0.9 నుంచి 1.1 అయింది. కాల్షియం, గ్యాస్ మందు కూడా వేసుకుంటాను.
– ప్రొద్దుటూరు పాఠకుడు

జవాబు: మెట్‌ఫార్మిన్ కిడ్నీల గుండా పోయే దారిని ఏఆర్‌టీ మాత్రలోని డోలుటెగ్రావిర్ కొంత మూసేస్తుంది. అందుకే రోజు మొత్తానికి 1000 దాటనివ్వరు. షుగర్ అదుపు తప్పితే వేరే మందు కలుపుతారు, మీరై పెంచుకోవద్దు. క్రియాటినిన్ బయటికి పోయే దారీ అలాగే కొంత మూసుకుంటుంది. తొలి నెలలో ఇంతమాత్రం పెరిగి ఆగిపోతే కిడ్నీ చెడినట్టు కాదు. పెరుగుతూనే పోయినా, మూత్రంలో ప్రొటీన్ కనిపించినా మాత్రం టెనోఫోవిర్‌ను అనుమానించాలి.

సంగటో అన్నమో తిన్నాకైతే కాల్షియం, ఐరన్ మాత్రలు ఏఆర్‌టీ మాత్రతో కలిపి వేసుకోవచ్చు. పరగడుపున కుదరదు. అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న గ్యాస్ సిరప్ తిన్నాకైనా కలపకూడదు. ఏఆర్‌టీ మాత్ర దానికి 2 గంటల ముందో, 6 గంటల తర్వాతో పడాలి. పాంటాప్రజోల్ అనే గ్యాస్ మాత్రతో ఈ పేచీ లేదు.

ప్రశ్న: మా పాప 18 కిలోలు. నీళ్లలో కరిగే 10 మిల్లీగ్రాముల డోలుటెగ్రావిర్ మాత్రలు రెండున్నర ఇస్తున్నాం. 20 కిలోలు దాటితే పెద్దల 50 మాత్ర అంటున్నారు. ఒక్కసారిగా రెట్టింపా?
– ఒక తల్లి, గుంతకల్లు

జవాబు: కాదు. కరిగే మాత్రలోని మందు ఒంటికి ఎక్కువగా పడుతుంది. 10వి మూడు వేస్తే దాదాపు పెద్దల 50కి సమానం. అందుకే 50 దొరకలేదని 10వి ఐదు కలిపి ఇవ్వకండి.