నీళ్ల ముల్లు కాదు, ఆయిల్ ముల్లు చూడు

అల్లుడూ,

ఏప్రిల్‌లో జింజర్‌మ్యాన్ రేస్ ట్రాక్‌కి ఆ పాత బీఎండబ్ల్యూ ఈ46 ఎం3 కారు వేసుకెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. వెళ్లు, కాదనను. కానీ మిషిగన్‌లో ఏప్రిల్ పొద్దుటిపూట చలి సంగతి తెలుసుగా, ఒక్కోసారి సున్నా దగ్గరే ఉంటుంది, నువ్వేమో పోసేది చిక్కటి 10డబ్ల్యూ-60 ఇంజన్ ఆయిల్, ఆ చలికి అది ఆముదంలా ఉంటుంది. స్టార్ట్ చేయగానే ఆయిల్ ప్రెషర్ బ్రహ్మాండంగా ఉంటుంది, దాన్ని చూసి మురిసిపోకు. చిక్కటి ఆయిల్ ఫిల్టర్‌లోంచి దూరలేక బైపాస్ వాల్వ్ తెరుచుకుంటే వడకట్టని ఆయిలే బేరింగులకు పోతుంది.

అలాగని వేడెక్కుతుందిలే అని ఐడిల్‌లో వదిలేసి కాఫీ తాగడానికి పోకు. చల్లటి ఇంజన్ పెట్రోల్ ఎక్కువ తాగుతుంది, కాలనిది సిలిండర్ గోడల మీది ఆయిల్‌ని కడిగేసి కిందికి దిగి ఆయిల్‌లో కలుస్తుంది.

ఆయిల్ చాంబర్ అడుగున అతికించే హీటర్ ప్యాడ్ ఒకటి కొను. థర్మోస్టాట్ ఉన్నదే తీసుకో. వాట్లు ఎక్కువైతే పని త్వరగా అవుతుందని ఆశపడొద్దు, చిన్న జాగాలో అంత వేడి పెడితే ప్యాడ్‌కి ఆనుకున్న ఆయిల్ మాడుతుంది. అతికించే చోట జిడ్డు లేకుండా బ్రేక్ క్లీనర్‌తో తుడువు, లేకపోతే నెల తిరక్కుండా ఊడి వేలాడుతుంది. కూలెంట్‌కి హోస్ పైపులో బిగించే హీటర్లు ఉన్నాయి, మంచివే, బ్లాక్ మొత్తం వేడెక్కి పిస్టన్ల చప్పుడు తగ్గుతుంది, కాకపోతే కూలెంట్ లేకుండా ఆన్ చేశావంటే హీటర్ కాలిపోతుంది. రెండిట్లో ఒకటే కొనగలిగితే నా ఓటు ఆయిల్‌కే. వైరు మందపాటిది వాడు, ఎర్త్ ఉండాలి, స్టార్ట్ చేసేముందు ప్లగ్ పీకెయ్.

ఫార్ములా వన్ ఇంజన్లకైతే వేడి ద్రవాలు పంపి వేడెక్కించాకే స్టార్ట్ చేస్తారు, అంత బిగువుగా ఉంటాయవి. నీకంత భాగోతం అక్కర్లేదు.

ప్యాడ్ పెట్టినా పని మొత్తం అయిపోయినట్టు కాదు, మిగతా వేడి నడిపితేనే వస్తుంది. నీళ్ల ముల్లు, అంటే కూలెంట్ వేడి చూపించేది, మధ్యకి వచ్చేసరికి కుర్రాళ్లు కాలు నొక్కేస్తారు, అప్పటికి ఆయిల్ ఇంకా చాలా వెనకే ఉంటుంది. నీ బండిలో ఆయిల్ టెంపరేచర్‌కి వేరే ముల్లే ఉంది, ఆర్‌పీఎం మీటర్‌లో పసుపు లైట్లు కూడా ఆయిల్ వేడెక్కే కొద్దీ ఒక్కొక్కటే ఆరిపోతాయి, వాటి మాట విను. ఆయిల్ 80 డిగ్రీల సెల్సియస్ దాటేదాకా 4000 ఆర్‌పీఎం పైకి పోకు. మొదటి ల్యాప్ మెల్లగానే, గేర్‌బాక్సు, డిఫరెన్షియల్, టైర్లకి ఏ ప్యాడూ లేదు కదా.

ప్యాడ్ కొనేముందు చాంబర్ అడుగు ఫొటో తీసి పంపు, ఎక్కడ అతికించాలో గుర్తుపెట్టి పంపిస్తాను.

మీ మావయ్య