ఆర్డర్ తప్పని తోస్తే: లెఫ్టినెంట్ అయిన మా అబ్బాయికి

చిరంజీవి చిన్నాకి పెదనాన్న ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో "పైనుంచి వచ్చిన ఆర్డర్ తప్పని తోస్తే ఏం చెయ్యాలి పెదనాన్నా?" అని అడిగావు. రెండు నిమిషాల్లో చెప్పేసే సంగతి కాదని అప్పుడు ఊరుకున్నాను. డెహ్రాడూన్‌లో ట్రైనింగ్ ముగించి, భుజాన రెండు నక్షత్రాలతో యూనిట్‌కి బయల్దేరేవాడికి ఈ ప్రశ్న వచ్చినందుకు నాకు సంతోషంగా ఉంది. నేను సిపాయిగా చేరి సుబేదారుగా రిటైరైనవాణ్ణి. ఆఫీసర్ల ఆర్డర్లని జవాన్ల దాకా చేర్చడమే నా నౌకరీ. ఆ మధ్యలో నిలబడి చూసినదే నీకు రాస్తున్నాను.

ముందు ఒకటి తేల్చుకో. నచ్చని ఆర్డర్ వేరు, ప్రమాదమున్న ఆర్డర్ వేరు, తప్పు ఆర్డర్ వేరు. మంచులో పికెట్ మీద, అంటే కాపలా పోస్ట్‌లో, ఇంకో నెల ఉండమంటే అది నచ్చని ఆర్డర్. తూటాలు వస్తుంటే గుట్ట ఎక్కమంటే అది ప్రమాదమున్న ఆర్డర్. ఈ రెండూ వస్తే కదలాల్సిందే. ప్లాన్‌లో లోపం కనబడితే, టైం ఉంటే, చెప్పు. విన్నాక కూడా కమాండర్ అదే అంటే మనసా వాచా చెయ్యి. నువ్వు తటపటాయిస్తే పక్క ప్లాటూన్ కుర్రాళ్ళు చచ్చిపోతారు. ప్రాణభయాన్ని మనస్సాక్షి పేరుతో కప్పుకునేవాళ్ళు ఉంటారు. నువ్వు అలా కాకూడదు.

తప్పు ఆర్డర్ అంటే, లొంగిపోయినవాణ్ణి కాల్చమనేది. పట్టుబడ్డవాణ్ణి చిత్రహింసలు పెట్టమనేది. ఆయుధం లేని జనం మీద కసి తీర్చుకోమనేది. జరగని కాల్పులు జరిగినట్టు రిపోర్ట్ రాయమనేది. ఇక్కడ "పైవాళ్ళు చెప్పారు" అన్న మాట నిన్ను కాపాడదు. 1950 ఆర్మీ చట్టం 41వ సెక్షన్ కింద ఆజ్ఞ ధిక్కరిస్తే 14 ఏళ్ళ దాకా జైలు ఉందని ట్రైనింగ్‌లో విని ఉంటావు. ఆ సెక్షన్ శిక్షించేది చట్టబద్ధమైన ఆజ్ఞని ధిక్కరించినవాణ్ణే. రెండో వైపు, 1960లో మన పార్లమెంటు చేసిన జెనీవా ఒప్పందాల చట్టం ఉంది. యుద్ధఖైదీల వంటి రక్షణ ఉన్నవాళ్ళని కావాలని చంపినవాడికి అందులో ఉరి గానీ యావజ్జీవం గానీ రాసి ఉంది. చట్టం ఎప్పుడో నిర్ణయించేసింది. నిర్ణయించుకోవాల్సింది మనమే.

మన గడ్డ మీదే రెండు సంగతులు చూడు. 1919 ఏప్రిల్ 13న జలియన్‌వాలా బాగ్‌లో జనరల్ డయ్యర్ నోరు తెరిచి ఆర్డర్ ఇచ్చాడు. పది నిమిషాల్లో 1,650 రౌండ్లు పేలాయి. సర్కారు లెక్క ప్రకారమే 379 మంది పోయారు. ఆ ట్రిగ్గర్లు నొక్కినవాళ్ళు బ్రిటిష్ వాళ్ళ కింద పనిచేసిన గూర్ఖాలు, మన సిపాయిలు. పదకొండేళ్ళ తరవాత, 1930 ఏప్రిల్ 23న, పెషావర్ కిస్సా ఖ్వానీ బజార్‌లో నిరాయుధులైన పఠాన్ల మీద కాల్చమంటే గఢ్వాల్ రైఫిల్స్‌కి చెందిన చంద్రసింగ్ గఢ్వాలీ కాల్పులు వద్దన్నాడు. తోటివాళ్ళు ఆయన మాట విన్నారు. కోర్ట్ మార్షల్, అంటే సైనిక కోర్టు, యావజ్జీవం వేసింది, 1941 దాకా జైల్లో ఉన్నాడు. డయ్యర్‌ని ఏ కోర్టూ విచారించలేదు. ఇది నీకు దాచకుండా ఎందుకు చెబుతున్నానంటే, సరైన పని చేసినవాడికి వెంటనే మెచ్చుకోలు దక్కుతుందని ఆశపడకు. దక్కకపోవచ్చు.

వియత్నాంలో మై లై ఊరి సంగతి చదివే ఉంటావు. 1968 మార్చి 16న అమెరికన్ సైనికులు ఆడవాళ్ళని, పిల్లల్ని, ముసలివాళ్ళని వందల సంఖ్యలో చంపారు. పైన హెలికాప్టర్‌లో తిరుగుతున్న హ్యూ థాంప్సన్ అది చూసి, పారిపోతున్న ఊరివాళ్ళకీ తన దేశపు సైనికులకీ మధ్యలో దిగాడు. మనవాళ్ళు వీళ్ళ మీద కాలిస్తే మీరు వాళ్ళ మీద కాల్చండని తన ఇద్దరు సిబ్బందికి చెప్పాడు. ఇంకో హెలికాప్టర్‌ని పిలిపించి కొందరిని బతికించాడు. పైవాళ్ళకి రిపోర్ట్ చేశాడు. ఆ తరవాత ఏళ్ళ తరబడి స్వదేశంలోనే ద్రోహి అని తిట్లు తిన్నాడు. థాంప్సన్‌కీ ఆయన సిబ్బందికీ పతకం ఇచ్చింది 1998లో. ఇటు, ఆ ఊళ్ళో చంపించిన ప్లాటూన్ ఆఫీసర్ లెఫ్టినెంట్ కేలీ, "నా కెప్టెన్ చెప్పాడు, నేను చేశాను" అన్నాడు. 1971లో కోర్ట్ మార్షల్ ఆ మాట ఒప్పుకోలేదు. చిన్నా, కేలీది నీ ర్యాంకే.

కానీ "ఆ పిల్లల్ని కాల్చు" అని ఎవరూ నీతో స్పష్టంగా చెప్పరు. తప్పు ఆర్డర్ దాదాపు ఎప్పుడూ మసగ్గా వస్తుంది. "సంగతి చూసుకో" అంటారు. "వాడు తిరిగి రాకూడదు" అంటారు. ఒకచోట మా కుర్రాడు ఒకడు పేలుడులో పోయాడు. దగ్గర్లో ఊరు ఉంది. రేడియో సెట్‌లో పై అధికారి, "ఆ ఊరికి బుద్ధి చెప్పి రండి" అన్నాడు. మాతో ఉన్న ఆఫీసర్ నీ వయసువాడే. జవాన్ల కళ్ళు ఎర్రగా ఉన్నాయి, అందరూ అతని వైపే చూస్తున్నారు. అతను సెట్ తీసుకుని నెమ్మదిగా అడిగాడు: "సర్, నేను చెయ్యాల్సిన పని ఏమిటో స్పష్టంగా చెప్పండి, రాసుకుంటున్నాను." అవతల కాసేపు మాట లేదు. తరవాత, "ఊరు చుట్టుముట్టి సోదా చేసి వెనక్కి రండి" అని వచ్చింది. మేం అదే చేశాం. ఆ అధికారి చెడ్డవాడు కాడు, తన మనిషి పోయిన దుఃఖంలో ఉన్నాడు. స్పష్టంగా చెప్పమంటే తన మాట తనకే వినబడింది. ఇది నేర్చుకో. నూటికి తొంభై చోట్ల ఎదిరించాల్సిన అవసరమే రాదు, మళ్ళీ అడిగితే చాలు.

అడిగినా అదే అంటే గొంతు పెంచకు, మనుషుల ముందు ఆయన్ని చిన్నబుచ్చకు. "సర్, ఇది నేను చెయ్యలేను, చట్టానికి విరుద్ధం" అని ఒక్క మాట. ఆ వెంటనే నువ్వు చెయ్యగలిగింది చెప్పు: "పట్టుకున్నవాణ్ణి పోలీస్ స్టేషన్‌లో అప్పగిస్తాను సర్." సైన్యానికి ప్రత్యేకాధికారాలిచ్చే చట్టం (AFSPA) అమల్లో ఉన్న చోట కూడా ఆలస్యం లేకుండా అప్పగించాలనే ఉంది. పోస్ట్ వదలొద్దు, ఆయుధం దించొద్దు, నీ మనుషుల్ని విడిచి పోవద్దు. టైం, చోటు, ఎవరేమన్నారో డైరీలో రాసుకో. వీలైనంత తొందరగా సీఓ (కమాండింగ్ ఆఫీసర్) సాబ్‌కి చెప్పు. ఆ తరవాత నీకేదైనా అన్యాయం జరిగితే ఆర్మీ చట్టం 27వ సెక్షన్ కింద కేంద్ర ప్రభుత్వం దాకా ఫిర్యాదు చేసుకునే దారి ఉంది. అది దూరపు దారి, ఓపిక కావాలి.

ఇంకోటి. ఆ ధైర్యం ఆ రోజు హఠాత్తుగా రాదు. నీకు మొదట వచ్చే తప్పు ఆర్డర్ తుపాకీది కాదు, పెన్నుది. లెక్క తగ్గిన స్టోర్‌కి సంతకం పెట్టమంటారు. జరగని ఫైరింగ్ ప్రాక్టీస్ జరిగినట్టు రాయమంటారు. చిన్న విషయమే కదా, అందరూ చేసేదే కదా అంటారు. అక్కడ నవ్వుతూనే కుదరదు సర్ అనడం అలవాటు చేసుకో. సంతకాలు అమ్ముడుపోయినవాడు పెద్ద రోజున నోరు విప్పలేడు, ఎందుకంటే అతని గుట్టు అప్పటికే పైవాడి చేతిలో ఉంటుంది.

ఆర్డర్లు అందుకోవడం గురించే అడిగావు గానీ, రేపటి నుంచి ఇచ్చేవాడివి కూడా నువ్వే. నీ మాట మీద ఇరవై ఏళ్ళ కుర్రాడు ట్రిగ్గర్ నొక్కుతాడు. వాడు తరవాత ఊరెళ్ళి పెళ్ళి చేసుకోవాలి, పిల్లల్ని ఎత్తుకోవాలి. వాడి చేత నువ్వు చేయించింది వాడితోనే ఉంటుంది. మసక మాట ఎప్పుడూ అనకు. మనిషి పోయిన రోజున, కోపం తగ్గేదాకా, నీ నోటి మీద నీకే కాపలా ఉండాలి.

యూనిట్‌లో చేరిన మొదటి వారంలోనే నీ ప్లాటూన్ జేసీఓ (నాలాంటి సుబేదారు స్థాయి జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్) సాబ్‌తో కూర్చుని టీ తాగు. "కోపంలో నేను తప్పు ఆర్డర్ ఇస్తే నన్ను ఆపండి సాబ్" అని నీ నోటితో నువ్వే ముందు అడుగు. ఆయన వయసులో నీకు తండ్రంతవాడు, అయినా నీ ర్యాంకు చూసి ఆగిపోతాడు. నువ్వు అడిగి ఉంటే ఆగడు.

చేరగానే అడ్రస్ పంపు. అమ్మకి వారానికోసారైనా ఫోన్ చెయ్యి.

ఇట్లు,
మీ పెదనాన్న