గ్రిల్ పెట్టించండి, కానీ ఒక్క కిటికీ తాళంచెవి లేకుండా తెరుచుకోవాలి

బెంగళూరు మారతహళ్ళిలో మొదటి అంతస్తు ఇంట్లో కొత్తగా అద్దెకు దిగామని, పక్క వీధిలో దొంగతనం జరిగిందని విన్నాక కిటికీలన్నిటికీ గ్రిల్ బిగిద్దామనుకుంటున్నామని రాశారు. ఇంట్లో అత్తగారు, నాలుగేళ్ళ బాబు ఉన్నారు కాబట్టి, ఏదైనా ప్రమాదం జరిగితే తీసుకుని బయటపడే రకం గ్రిల్ దొరుకుతుందా, ఓనరు ఒప్పుకుంటారా అని అడిగారు. దొరుకుతుందండీ, చేయించుకోవచ్చు. 2020 నుంచి మా ఇంట్లో అలాంటిది ఉంది. అది పెట్టించడానికి ముందు ఏం జరిగిందో చెప్తాను. దాన్నిబట్టి మీకే తెలుస్తుంది గ్రిల్‌లో ఏం చూసుకోవాలో.

మాది మదనపల్లె. 2009 నుంచి బెంగళూరులోనే ఉంటున్నాం. 2019లో కగ్గదాసపురలో మొదటి అంతస్తులో ఉండేవాళ్ళం. కింద స్తంభాల మధ్య స్టిల్ట్ పార్కింగ్, మెట్ల కింద మీటర్ బోర్డు, దాని పక్కనే బళ్ళు. ఈ ఊళ్ళో సగం బిల్డింగులు ఇలాగే ఉంటాయి, మీదీ ఇలాగే ఉండొచ్చు. ఒక రాత్రి రెండింటికి కరెంటు పోయి ఫ్యాన్ ఆగింది, వైరు కాలిన వాసనకి మెలకువ వచ్చింది. మా వారు మెయిన్ డోర్ తీయగానే నల్లటి పొగ లోపలికి వచ్చిపడింది. మీటర్ బోర్డు అంటుకుంది. పొగంతా మెట్ల దారినే పైకి వస్తోంది. వెంటనే తలుపు మూసేశాం.

ఇక మిగిలింది బాల్కనీ. దానికి పైనుంచి కిందదాకా గ్రిల్, ఒక మూల చిన్న గేటు, గేటుకి తాళం కప్ప. తాళంచెవి ఫ్రిజ్ మీద స్టీలు డబ్బాలో ఉండాలి. ఫోన్ లైట్ వేసుకుని డబ్బా బోర్లించాను. పదకొండు తాళంచెవులు. ఒక్కొక్కటే పెట్టి తిప్పుతుంటే చేతులు వణికి రెండుసార్లు గుత్తి కింద పడింది. అత్తయ్య పాపని ఎత్తుకుని నా వెనకే నిలబడి దగ్గుతున్నారు. ఏదీ పట్టలేదు. ఈలోపు ఎదురు బిల్డింగ్ వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి, ఇల్లు కడుతున్నచోట నుంచి ఇసుక తెచ్చి పోసి మంట ఆర్పారు. ఆయన రుణం ఎప్పటికీ తీర్చుకోలేను. ఆ తాళంచెవి మా వారి ఆఫీసు బ్యాగులో ఉందని తెల్లారాక తెలిసింది.

ఇది మా ఒక్కరికే వచ్చిన గండం కాదు. 2010 ఫిబ్రవరి 23న పాత ఎయిర్‌పోర్ట్ రోడ్డులో కార్ల్‌టన్ టవర్స్ అనే ఆఫీసు బిల్డింగ్ అంటుకుని 9 మంది చనిపోయినప్పుడు నేను దొమ్మలూరులో పీజీలో ఉండేదాన్ని. పొగకి తట్టుకోలేక కొందరు పై అంతస్తుల కిటికీల్లోంచి దూకారు. అంత పెద్ద ఆఫీసు బిల్డింగ్‌లో అత్యవసర ద్వారాలే సరిగ్గా తెరుచుకోలేదని తర్వాత బయటపడింది. 2021 సెప్టెంబరులో బన్నేరుఘట్ట రోడ్డు దగ్గర దేవరచిక్కనహళ్ళిలో ఒక అపార్ట్‌మెంట్ అంటుకుని తల్లీకూతుళ్ళు చనిపోయారు. ఆ ఫ్లాట్ బాల్కనీకి గ్రిల్ ఉంది, కింద జనం చూస్తూనే ఉన్నారు. ఆ వార్త చూసిన రోజు నాకు అన్నం సయించలేదు.

అందుకే మీకు చెప్పాలనుకున్న మాట ఇది. గ్రిల్ తీయడానికి వీలుగా ఉంటే చాలదు. చీకట్లో, పొగలో, తాళంచెవి గానీ స్పానర్ గానీ లేకుండా, మీ ఇంట్లో అందరికంటే బలం తక్కువున్న మనిషి లోపలి నుంచి తీయగలగాలి. పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, అది పీల్చిన కాసేపటికే బుర్ర పనిచేయదు, చేతులు మాట వినవు. అప్పుడు ఏ తాళంచెవి దేనిదో వెతుక్కోవడం అయ్యే పని కాదు.

వెల్డింగ్ షాపుకెళ్ళి 'తీసే గ్రిల్ కావాలి' అంటే చాలామంది నట్టుబోల్టులతో బిగించేది చూపిస్తారు. ఇల్లు మారేటప్పుడు విప్పుకుని పట్టుకెళ్ళడానికి అది బాగుంటుంది. ప్రమాదంలో మాత్రం అది గోడతో సమానం. మీరు అడగాల్సింది కబ్జాల (కీలుబందుల) మీద తలుపులా తెరుచుకునే పల్లా, అంటే రెక్క, ఉన్న గ్రిల్. ఇన్విజిబుల్ గ్రిల్ అని స్టీలు తీగలతో చేసేదీ ఉంది, పిల్లలు పడిపోకుండా ఆపడానికి మంచిదే. కానీ మంటల్లో దాన్ని తీయాలంటే గట్టి కట్టర్ చేతిలో ఉండాలి కాబట్టి నేను దాని జోలికి పోలేదు.

అన్ని కిటికీలకీ పల్లా అక్కర్లేదు. పడుకునే గదుల్లో ఒక్కో కిటికీకి ఉంటే మేలు, కుదరకపోతే ఇంటి మొత్తానికి కనీసం ఒకటి. అది మెట్లకి దూరంగా, రోడ్డు వైపు మనుషులకి కనబడేచోట ఉండాలి. మేం పడకగది కిటికీ ఎంచుకున్నాం, దాని కింద స్టిల్ట్ గేటు మీది సజ్జా ఉంది. అది ఎంత బరువు మోస్తుందో ఓనరుని అడిగి తెలుసుకున్నాకే చేయించాం.

కొలతల దగ్గర చాలామంది పొరపాటు పడతారు. అమెరికాలో ఇళ్ళ నిబంధనల్లో పడకగది నుంచి తప్పించుకునే కిటికీకి లెక్క ఉంది. తెరిచాక ఖాళీ కనీసం 20 అంగుళాల వెడల్పు, 24 అంగుళాల ఎత్తు ఉండాలి, మొత్తం వైశాల్యం 5.7 చదరపు అడుగులకి తగ్గకూడదు, కిటికీ అంచు నేల నుంచి 44 అంగుళాల లోపే ఉండాలి. నేల అంతస్తుకైతే 5 చదరపు అడుగులు చాలు. గ్రిల్ పెట్టినా తాళంచెవీ పనిముట్టూ లేకుండా, ఎక్కువ బలం వాడకుండా లోపలి నుంచి తెరవగలగాలని కూడా ఉంది. 20 బై 24 అంటే 3.3 చదరపు అడుగులే, కాబట్టి వెడల్పు తక్కువైతే ఎత్తు పెంచుకోవాలి. మనకి ఇది చట్టం కాకపోయినా, మనిషి ఒళ్ళు ఎక్కడైనా ఒకటే కదా అని నేను ఆ లెక్కే పట్టుకున్నాను. ఇంకో సంగతి, స్లైడింగ్ కిటికీ రెండు రెక్కలదైతే సగమే తెరుచుకుంటుంది. మా నాలుగడుగుల కిటికీలో వాడుకోవడానికి వచ్చింది 22 అంగుళాలు. ఎత్తు 45 అంగుళాలు ఉండబట్టి సరిపోయింది. టేపు పట్టుకుని కిటికీ తెరిచి, ఆ ఖాళీనే కొలవండి, ఫ్రేమ్‌ని కాదు.

ఇప్పుడు గడియ. వెల్డింగ్ అతను మామూలు ఆల్‌డ్రాప్ (పిడి ఉన్న అడ్డగడియ) పెట్టి తాళం వేసుకోమన్నాడు. తాళం వద్దని మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది. 'మరి దొంగ చెయ్యి పెట్టి తీయడా మేడమ్' అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. దానికి ఆల్‌డ్రాప్ చుట్టూ రేకుతో డబ్బాలా చేయించాం, గది వైపు మాత్రమే తెరిచి ఉంటుంది. బయటి నుంచి చెయ్యి గానీ తీగ గానీ పెట్టినా పిడి అందదు. పల్లా బయటికి తెరుచుకుంటుంది కాబట్టి కబ్జాల పిన్నులు బయట వైపు ఉంటాయి, వాటిని కొట్టి ఊడదీయకుండా పిన్నుల రెండు చివర్లా వెల్డింగ్ వేయించాం. ఊచల మధ్య సందు 4 అంగుళాల లోపే పెట్టించాం, పిల్లల తల ఇరుక్కోకుండా. ఆల్‌డ్రాప్‌ని ముందు పైకి లేపి, తర్వాత పక్కకి లాగాలి. ఈ రెండు పనులూ వరుసగా చేయడం చిన్నపిల్లలకి కష్టం, అయినా గడియ వాళ్ళకి అందని ఎత్తులో పెట్టించండి. మీ బాబు నాలుగేళ్ళవాడు కాబట్టి ఆ కిటికీ దగ్గర మంచం, కుర్చీ ఉండనివ్వకండి, మామూలు రోజుల్లో అద్దం రెక్కకి తాళంచెవి అక్కర్లేని లాక్ వేసి ఉంచండి.

అంతా అయ్యాక బాగుందనుకున్నాం. మర్నాడు అత్తయ్యని ఒకసారి తీయమన్నాను. ఆవిడకి వేళ్ళ కీళ్ళనొప్పులు. పిడిని రెండు వేళ్ళతో పట్టుకుని లేపబోయారు, రాలేదు. కొంగు చుట్టి పట్టుకుని మళ్ళీ లాగారు, సగం వచ్చి ఆగిపోయింది. 'నావల్ల కాదులేమ్మా, మీరుంటారుగా' అని నవ్వేశారు. నాకు గుండె కలుక్కుమంది. మేమిద్దరం ఆఫీసుల్లో ఉంటే పగలంతా ఇంట్లో ఉండేది ఆవిడా, పాపే. అదే సాయంత్రం వెల్డింగ్ అతన్ని మళ్ళీ పిలిపించి, పిడికి ఆరంగుళాల కడ్డీ అతికించి, గడియ కన్నం కొంచెం వదులు చేయించాం. ఇప్పుడు ఆవిడ అరచేత్తో నెట్టి తీస్తారు. మీ అత్తగారి చేత తీయించి చూశాకే పనివాళ్ళకి మిగతా డబ్బులివ్వండి.

ఆ తర్వాత కూడా ఒకసారి దెబ్బతిన్నాం. 2022లో దీపావళికి ముందు పెయింటింగ్ జరిగింది, పెయింటర్ గ్రిల్‌తోపాటు కబ్జాల మీద, గడియ మీద కూడా ఎనామెల్ మందంగా వేసేశాడు. పండగ తర్వాత తీయబోతే పల్లా ఫ్రేమ్‌కి అతుక్కుపోయి కదల్లేదు. అదృష్టం కొద్దీ ఊరికే చూద్దామని తీశాం కాబట్టి తెలిసింది. బ్లేడుతో గీకి, కుట్టుమిషన్ నూనె వేసి వదిలించాం. ఇప్పుడు నెలకోసారి, ఇల్లు దులిపే రోజున, దాన్ని పూర్తిగా తెరిచి మూస్తాం. వానాకాలంలో పదిహేను రోజులకోసారి. అక్కడ పూలకుండీలు, ఆరేసిన బట్టలు, బకెట్లు ఉంచం.

ఓనరు విషయానికొస్తే, మా ఓనరు గారు మొదట వద్దన్నారు. గోడలు పగలగొడతామేమోనని ఆయన భయం. పాత ఫ్రేమ్‌లోనే సగం కోసి పల్లా చేస్తామని కాగితం మీద గీసి చూపించాక, ఖాళీ చేసేటప్పుడు అలాగే వదిలేసి వెళ్ళాలన్న షరతుతో సరేనన్నారు. మాకు అన్నీ కలిపి 7,200 అయింది. ఇప్పుడు ఇనుము ధర, కూలీ పెరిగాయి కాబట్టి రెండు మూడు షాపుల్లో అడగండి.

చివరిగా, దాన్ని వాడాల్సి వస్తే ముందు గది తలుపు మూయండి. తలుపు తెరిచి ఉండగా కిటికీ తీస్తే పొగ అంతా ఆ గదిలోకే లాక్కొస్తుంది. తలుపు కింద సందులో తడి దుప్పటి కుక్కి, కిటికీ దగ్గర కిందికి వంగి గాలి పీల్చుకుంటూ, 101కి గానీ 112కి గానీ ఫోన్ చేసి ఏ అంతస్తు, ఏ వైపు కిటికీయో చెప్పండి. కింద నిచ్చెన వేసేవాళ్ళుంటే వాళ్ళు వచ్చేదాకా ఆగండి. ఆగలేని పరిస్థితి వస్తే మొదటి అంతస్తు నుంచి దూకకుండా, అంచు పట్టుకుని వేలాడి జారితే పడే ఎత్తు మనిషి పొడవంత తగ్గుతుంది. రెండో అంతస్తు, ఆపైన ఉన్నవాళ్ళు దూకే ఆలోచనే పెట్టుకోకూడదు. వాళ్ళకి ఆ పల్లా గాలి కోసం, ఫైర్ వాళ్ళకి కనబడటం కోసం, వాళ్ళు నిచ్చెన మీద వచ్చినప్పుడు గ్రిల్ కోసే సమయం మిగలడం కోసం.

మీ కిటికీ అద్దం రెక్కలు రెండా మూడా, దాని కింద ఏముందో రాయండి. పల్లా ఏ వైపు పెట్టిస్తే బాగుంటుందో చెప్తాను.